రెండు మాయలని రాసిన రోజు

ఆస్పత్రి రెండో అంతస్తులో మెట్లెక్కగానే ఎడమవైపు స్కానింగ్ గది. ఒక మంచం, ఒక యంత్రం, చక్రాల స్టూలు, పడుకున్నవాళ్లు చూసుకోవడానికి గోడకి ఇంకో తెర. కిటికీకి నల్లగుడ్డ. యంత్రం పక్కన వేడినీళ్ల గిన్నెలో జెల్ సీసా నిలబెట్టి ఉంటుంది. చల్లటి జెల్ తగిలితే పొట్ట బిగుస్తుంది, పొట్ట బిగుస్తే తెర మీద బొమ్మ చెడుతుంది. "ఎంత జాలిగుండె అక్కా నీది" అని ఎవరైనా అంటే, "జాలి కాదు, బొమ్మ కోసం" అంటుంది ఆ గదిలో పనిచేసే మనిషి.

ఆమెను అందరూ స్కానింగక్క అంటారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కనే అంటారు. వయసు యాభై రెండు. ఇరవై ఏళ్లకు పైగా, పొట్ట మీద తిప్పే ప్రోబ్ పట్టుకుని పట్టుకుని కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. నడిచేటప్పుడు చేతిలో లేని సంచీ ఏదో మోస్తున్నట్టు ఉంటుంది.

ఆ గదిలోకి ఆమె మొదట వచ్చింది దుప్పట్లు మార్చడానికి. స్కానింగ్ అయినవాళ్ల పొట్ట మీది జెల్ తుడవడం, తర్వాతివాళ్లను పిలవడం ఆమె పని. అప్పట్లో యంత్రం దగ్గర ఒక ముసలి డాక్టరు కూర్చునేవాడు. ఒకరోజు తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆమె ఉన్నట్టుండి, "సార్, ఇందాక కొలిచింది తొడ ఎముక కాదు కదా, చెయ్యి కదా" అంది. డాక్టరు మళ్లీ కొలిచాడు. చెయ్యే. ఆయన తిట్టలేదు, మెచ్చుకోలేదు. మర్నాడు ఒక లావుపాటి నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చి ఇచ్చి, "చూసిందల్లా గియ్యి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, గియ్యి" అన్నాడు.

ఏడేళ్లు గీసింది. పదకొండు పుస్తకాలు నిండాయి. ఎనిమిదో ఏట ప్రైవేటుగా పరీక్షకు కట్టి పాసైంది. రాతకి బొటాబొటి మార్కులు, చేతిపనికి నిండు మార్కులు. ముసలి డాక్టరు రిటైరయ్యాక యంత్రం ముందు స్టూలు ఆమెకే మిగిలింది. రిపోర్టు మీద సంతకం మాత్రం డాక్టరుదే ఉండాలి కాబట్టి కింది అంతస్తు నుంచి ఒకాయన వచ్చి పెట్టి వెళ్తాడు. ఆయన్ని సిబ్బంది చాటుగా సంతకాల డాక్టరంటారు.

ముసలి డాక్టరు ఆమెకు నేర్పినవాటిలో అన్నిటికంటే గట్టిగా నేర్పింది కవలల సంగతి.

కడుపులో ఇద్దరున్నారని తేలగానే ఇంట్లోవాళ్లు నవ్వుతారు, ఏడుస్తారు, ఫోన్లు చేస్తారు. యంత్రం ముందున్న మనిషి మాత్రం ఒకే ప్రశ్న వేసుకోవాలి. పిల్లలకి తిండి అందించే మాయ ఒకటా, రెండా? రెండైతే ఎవరి కంచం వాళ్లది. ఒక్కటే అయితే ఇద్దరిదీ ఒకే కంచం. ఆ మాయలో ఒకరి రక్తనాళాలు ఇంకొకరి నాళాలతో కలిసిపోయి ఉంటాయి. చాలామందిలో అది అలాగే సర్దుకుంటుంది. కొందరిలో ఒక బిడ్డ రక్తం మెల్లగా రెండో బిడ్డవైపు మళ్లుతుంది. ఇచ్చే బిడ్డ ఎండిపోతుంది, పుచ్చుకునే బిడ్డ ఉబ్బిపోతుంది. వేళకి కనిపెట్టకపోతే ఇద్దరూ దక్కకపోవచ్చు. అందుకే రెండు మాయలున్న తల్లి నెలకోసారి స్కానింగ్‌కి వస్తే చాలు. ఒకే మాయ ఉన్న తల్లి పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి రావాలి.

"మాయల్ని లెక్కపెట్టకు" అనేవాడు ముసలి డాక్టరు. "లెక్క మోసం చేస్తుంది. పిల్లలిద్దరి మధ్య అడ్డంగా ఒక పొర ఉంటుంది. దాన్ని పట్టుకుని, అది మాయకి తగిలే చోటిదాకా వెళ్లు. ఆ మొదలు చూడు."

రెండు మాయలుంటే ఆ మొదలు దగ్గర మాయ కండ పైకి తోసుకొచ్చి డేరా కొనలా కనిపిస్తుంది. ఒక్కటే ఉంటే పొర సన్నగా, తిన్నగా వచ్చి, గోడకి కాగితం అంచు ఆనించినట్టు ఆగిపోతుంది. పుస్తకాల్లో వీటికి వేరే పేర్లున్నాయి. ఆమె వాడుకలో ఒకటి డేరా, ఒకటి గీత. ఇది తేటగా కనబడేది పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. ఆ తర్వాత డేరా కుంగిపోతుంది. రెండు మాయలున్నచోట కూడా గీతలాగే అగుపిస్తుంది. కాబట్టి తొలి స్కానింగ్‌లో రాసిన మాటే ఆఖరి మాట, తర్వాత వచ్చే అనుమానాలతో దాన్ని దిద్దకూడదు. శిక్షణకి వచ్చినవాళ్లందరికీ ఆమె ఈ నియమాన్ని బల్ల గుద్ది మరీ చెప్పేది.

ఒక సోమవారం బయట బెంచీల మీద ముప్పై ఒక్కమంది ఉన్నారు. పద్నాలుగో మనిషి పార్సిళ్ల ఆఫీసులో కౌంటరు మీద పనిచేసే అమ్మాయి. పన్నెండో వారం, తొలి కాన్పు. తోడుగా ఆడపడుచు, అంటే భర్త అక్క వచ్చింది.

"ఇద్దరమ్మా" అంది స్కానింగక్క తెర చూపిస్తూ.

"ఇద్దరా!" ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది. "మా తమ్ముడు మొదలెట్టిన పని ఏదీ పూర్తిచెయ్యడు. ఇదొక్కటి మాత్రం రెండింతలు చేశాడే!"

"వదినా, నవ్వించకు. పొట్ట కదులుతోంది."

"కదలనీ. మేనత్త వచ్చిందని వాళ్లకీ తెలియొద్దూ?"

తెర మీద ఒక మాయ ముందువైపు, ఒక మాయ వెనకవైపు, ఎడంగా కనిపించాయి. ఎవరూ చెప్పనక్కర్లేదు, చిన్నపిల్లలైనా రెండంటారు. స్కానింగక్క పిల్లల పొడవులు కొలిచింది, గుండెలు వినిపించింది, తొమ్మిది బొమ్మలు దాచింది. పక్కగదిలోని టైపిస్టుకి మధ్యగోడ కిటికీలోంచి చెప్పింది, "రెండు మాయలు. నెలకోసారి." పొర మొదలు దాకా వెళ్లలేదు. వెళ్లలేదన్న సంగతి కూడా అప్పుడామెకి తోచలేదు. పదిహేనో మనిషిని పిలిచింది.

నాలుగు వారాలకి ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. పిల్లలు బాగా ఎదిగారు. ఇద్దరి చుట్టూ ఉమ్మనీరు ఇంచుమించు సమానంగా ఉంది. అంతా అయిపోయి ప్రోబ్ పక్కన పెట్టబోతుండగా మధ్యలో పొర తెర మీద ఒకసారి మెరిసి మాయమైంది.

ఆమె చెయ్యి ఆగింది. రెండు మాయల కవలల మధ్య పొర దారంలా మందంగా, ఎటు తిప్పినా కనబడుతూ ఉండాలి. ఇది వెంట్రుకలా ఉంది. వెతికితే తప్ప దొరకడం లేదు. దాన్ని పట్టుకుని మొదలు దాకా వెళ్లింది. గీత.

కానీ ఇది పదహారో వారం. ఇప్పుడు గీత కనబడితే ఏమీ తేలదు. ఆ మాట చెప్పేది తనే.

"ఏమైందక్కా?" అంది అమ్మాయి.

"ఒక అరగంట బయట కూర్చోమ్మా. పాత బొమ్మలు ఒకసారి చూసుకోవాలి."

తలుపు వేసి, మొదటి స్కానింగ్‌లో దాచిన తొమ్మిది బొమ్మలు వరసగా తెరిచింది. ఏడోది రెండో బిడ్డ పొడవు కొలిచేటప్పుడు తీసినది. దాని ఎడమ అంచున, ఎవరూ చూడనిచోట, పొర మొదలు పడింది. పెద్దది చేసింది. పన్నెండో వారం బొమ్మ అది. డేరా ఉంటే నిక్కచ్చిగా కనబడాల్సిన వారం. లేదు. తిన్నని గీత. ఎనిమిదో బొమ్మలో ముందు మాయకీ వెనక మాయకీ మధ్య, గర్భసంచి పక్కగోడ వెంట, పల్చటి పట్టీ ఒకటి పాకి ఉంది. రెండు మాయలు కావు. నడుము దగ్గర సన్నబడ్డ ఒకే మాయ. ఇన్నేళ్లలో ఇలాంటివి ఆమె మూడు చూసింది. మూడూ ఆ పాత నోటుపుస్తకాల్లో ఉన్నాయి.

లేచి గ్లాసుడు నీళ్లు తాగి వచ్చి మళ్లీ చూసింది. బొమ్మ మారలేదు.

సంతకాల డాక్టరు పైకి వచ్చి, నిలబడే చూశాడు. "తొలి మాట మార్చకూడదని నువ్వే కదమ్మా అందరికీ చెబుతావు?"

"తొలి బొమ్మ మార్చకూడదు సార్. బొమ్మ ఇదే. దాన్ని నేను చదవలేదు."

"అంచున ఉంది. ఇంత చిన్న ముక్క."

"చిన్నదే సార్. తేటగా ఉంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు అని నేను సంతకం పెట్టాను. ఇప్పుడు ఒకటని పెడితే ఏమనుకుంటారు? వచ్చే నెల ఎలాగూ వస్తారుగా, అప్పుడు చూద్దాం."

"వచ్చే నెలంటే నాలుగు వారాలు. ఆగడం పొరపాటని తేలితే, ఆ నాలుగు వారాలు మళ్లీ రావు. మీ పేరు కింద నా పేరు రాయించండి. చూసింది ఫలానా మనిషి, తప్పు చదివింది ఫలానా మనిషి అని."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈసారి అయిదు నిమిషాలు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. ఆమె పేరు రాయించలేదు.

వదినా మరదళ్లను లోపలికి పిలిచి ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మాయ రెండు కాదు, ఒకటి. ఇప్పటికి పిల్లలు బాగున్నారు. రెండు వారాలకోసారి తప్పకుండా రావాలి. పోయిననెల తప్పు చూసింది తనే.

ఆడపడుచు లేచి నిలబడింది. "అంటే పోయిననెల మీరు తెర మీద చూసిందేంటి, సినిమానా?"

"సరిగ్గా చూడలేదమ్మా."

"ఎంత తేలిగ్గా చెబుతున్నారండీ! మా ఇంట్లో అందరికీ రెండని చెప్పుకున్నాం. ఇప్పుడు ఒకటంటున్నారు. రేపొచ్చి పిల్లలు ముగ్గురంటారా?"

"వేరేచోట చూపించుకోండి. తప్పులేదు. పన్నెండో వారంలో తీసిన ఈ రెండు బొమ్మలు తీసుకెళ్లి, మాయలు లెక్కపెట్టొద్దు, పొర మొదలు చూడమనండి."

ఆడపడుచు రిపోర్టు తీసుకుంది. బొమ్మలు బల్ల మీదే వదిలేసింది.

స్కానింగక్క భర్త ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే కొట్టు నడుపుతాడు. సాయంత్రం ఆమె ఆ ముక్క చెబితే, రాగితీగ చుట్టే పని ఆపకుండానే విన్నాడు.

"చుట్లు తప్పిపోతే ఏం చేస్తాం? మొత్తం విప్పి మళ్లీ చుడతాం."

"మోటారు విప్పనిస్తుందండీ. మనుషులు విప్పనివ్వరు."

"అయితే ఒప్పించు. నన్ను రోజూ ఒప్పిస్తున్నావుగా" అన్నాడతను.

నాలుగోరోజు ఆమె ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. ఎత్తింది ఆడపడుచు.

"చూపించామండీ. పెద్ద సెంటరులో, పెద్ద యంత్రం మీద. ముందొకటి వెనకొకటి, రెండు మాయలే అన్నారు. నెలకోసారి చాలన్నారు. ఊళ్లో అందరూ రెండంటుంటే మీరొక్కరే ఒకటంటున్నారు. అదీ మొదట రెండని!"

"పొర మొదలు చూశారా అని అడిగారా?"

"మేమెవరమండీ డాక్టర్లని అడగడానికి?" ఫోన్ పెట్టేసింది.

అక్కడ ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. తను ఎక్కడ తడబడిందో వాళ్లూ అక్కడే తడబడ్డారు. కంటికి రెండు కనబడితే చెయ్యి ఇంకా ముందుకు పోదు. పైగా వాళ్ల దగ్గర పన్నెండో వారం బొమ్మ లేదు. ఆ బొమ్మ ఉన్నది తన దగ్గరే. పద్దెనిమిదో వారం నిండటానికి ఇంకా పది రోజులుంది.

మర్నాడు మధ్యాహ్నం విరామంలో ఆమె ఆ బొమ్మలు రెండూ కవర్లో పెట్టుకుని పార్సిళ్ల ఆఫీసుకి వెళ్లింది. పొడుగాటి హాలు, మూడు కౌంటర్లు, తూకం యంత్రాలు, జిగురూ అట్టపెట్టెలూ కలిసిన వాసన. వరసలో ఆమె ముందు ఆరుగురున్నారు. నిలబడింది. తన వంతు వచ్చేసరికి కౌంటరు వెనక అమ్మాయి తలెత్తి చూసి, స్టాంపు కింద పెట్టింది.

"మీరా అక్కా! ఏం పంపాలి?"

"ఏమీ లేదు. నీతో ఒక మాట."

"మా వదిన మీ మీద మండిపడుతోంది."

"పడనీ. నీకు ఖాళీ గుడ్డసంచీ ఒకటి దొరుకుతుందా?"

అమ్మాయి పక్కనుంచి పార్సిలు సంచీ ఒకటి తీసి ఇచ్చింది. స్కానింగక్క కౌంటరు మీదున్న పాత కాగితాలు రెండు ఉండలు చేసి, ఒకటి సంచీ ఈ చివరకి, ఒకటి ఆ చివరకి తోసింది. మధ్యలో సంచీ చదునుగా పడుకుంది. ఆ చదునైన భాగం మీద తన అరచెయ్యి బోర్లించింది.

"ఇప్పుడు ఎన్ని పార్సిళ్లు?"

"చూడ్డానికి రెండు." అమ్మాయి వెంటనే అంది. "కానీ ఒకటే. ఇలాంటివి మాకు రోజూ వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు రెండు చీటీలు రాసేస్తారు. కుట్టు చూడాలి. కుట్టు ఎక్కడిదాకా సాగితే, అక్కడిదాకా ఒకటే."

"నేను కుట్టు చూడలేదు. రెండు చీటీలు రాశాను. ఆ పెద్ద సెంటరువాళ్లూ అంతే." ఏడో బొమ్మ తీసి అంచున వేలు పెట్టి చూపించింది. "కుట్టు ఇదీ."

వెనక వరసలోంచి ఒకాయన, "అమ్మా, మాటలు ఇంటికెళ్లి చెప్పుకోండి" అన్నాడు.

"రెండు నిమిషాలు సార్, రెండు ప్రాణాల సంగతి" అంది అమ్మాయి అతని వైపు చూడకుండానే. బొమ్మని దీపం కిందికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. "మీ మాట తప్పైతే నాకేం పోతుంది?"

"రెండు పూటల సెలవు. ఇంకేం పోదు."

"వాళ్ల మాట తప్పైతే?"

అమ్మాయి సంచీలోంచి కాగితం ఉండలు తీసేసి, సంచీ మడిచి పక్కన పెట్టింది. "ఎప్పుడు రావాలి?"

పద్దెనిమిదో వారం నిండిన రోజున ఆ అమ్మాయి పొద్దున్నే వచ్చింది. వెంట ఆడపడుచూ వచ్చింది, మూతి ముడుచుకుని. "నేను వద్దన్నా వినలేదండీ. పార్సిళ్ల మీద పెట్టే మొండితనమంతా నా మీద పెడుతోంది."

ప్రోబ్ పెట్టిన అరనిమిషానికే స్కానింగక్కకి తెలిసింది. అయినా కొలతలన్నీ వరసగా తీసింది. ఒక బిడ్డ నీళ్ల లోతు తొమ్మిది సెంటీమీటర్లు, ఇంకో బిడ్డది ఒకటిన్నర. ఎక్కువ నీళ్లున్న బిడ్డ కాళ్లూ చేతులూ ఆడిస్తోంది. తక్కువ నీళ్లున్న బిడ్డ పక్కగోడకి అతుక్కుపోయింది, పొర దాని ఒంటికి తడిగుడ్డలా చుట్టుకుంది. ఆ బిడ్డ మూత్రసంచి కోసం ఇరవై నిమిషాలు చూసింది. కనబడలేదు, నీళ్లు లేక ఎండిపోయింది.

"చెప్పక్కా" అంది అమ్మాయి.

"మొదలైందమ్మా. ఇద్దరి గుండెలూ బాగున్నాయి. ఇవాళే పెద్దాస్పత్రికి వెళ్లాలి. ఇవాళే."

ఆడపడుచు గోడ తెరవైపు చూస్తూ ఉండిపోయింది. "ఆ మూల ఉన్న బిడ్డ ఎందుకు కదలట్లేదు?"

"కదలడానికి చోటు లేదు."

ఆడపడుచు చెప్పులేసుకుని, తమ్ముడికి ఫోన్ చెయ్యడానికి వసారాలోకి పరుగెత్తింది. సంతకాల డాక్టరు పైకి వచ్చి, ఈసారి కూర్చోకుండానే సంతకం పెట్టి, పెద్దాస్పత్రికి తనే ఫోన్ చేశాడు. ఫోన్లో ఆయన అన్నది స్కానింగక్క వింది. "మొదట మా రిపోర్టు తప్పండీ. రెండు వారాల క్రితం దిద్దాం."

పెద్దాస్పత్రి నాలుగు గంటల దారి. మూడోరోజు అక్కడ సన్నటి గొట్టం కడుపులోకి పంపి, ఇద్దరి మధ్య కలిసిన నాళాలని లేజరుతో మాడ్చేశారు. ఆ తర్వాత స్కానింగులన్నీ అక్కడే. ఆ అమ్మాయి మళ్లీ ఈ గదికి రాలేదు. రావలసిన పనీ లేదు.

స్కానింగక్క రోజుకి ముప్పైమందిని చూస్తూనే ఉంది. కవలలు వచ్చినప్పుడు పొర మొదలు బొమ్మ తీసి ముందు పెడితేగాని టైపిస్టు మాయల సంఖ్య కొట్టకూడదని కట్టడి చేసింది. "అక్కా, నేను టైపిస్టునా, జడ్జినా?" అని అతను గొణిగాడు. అయినా బొమ్మ చూడకుండా కొట్టలేదు. శిక్షణకి వచ్చినవాళ్లకి పాత నియమంతోపాటు ఆ ఏడో బొమ్మ చూపించి, ఇది ఎవరి తప్పో కూడా చెప్పేది.

పదిహేను వారాలు గడిచాయి. ఒక గురువారం పన్నెండు గంటలప్పుడు, మంచం మీద మనిషి ఉండగా, ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు. మామూలుగా ఎత్తదు. జెల్ అంటిన వేలితోనే నొక్కింది.

"నేనండీ, మేనత్తని." ఆడపడుచు గొంతు ఆయాసంగా ఉంది. "పొద్దున ఆపరేషన్ చేశారు. నెలలు నిండకముందే."

"మాయ చూశారా? ఎన్నన్నారు?"

"ఏం మనిషండీ మీరు! పిల్లలెలా ఉన్నారని అడగరా ముందు?"

"చెప్పమ్మా. ఎలా ఉన్నారు?"

"ఇద్దరూ ఏడ్చారు. పెద్దది రెండు కిలోలకి కాస్త తక్కువ. చిన్నది కిలో మూడొందలు, గాజుపెట్టెలో పెట్టారు, నాలుగైదు వారాలు అందులోనే అన్నారు. తల్లి బాగుంది. మా మరదలు మిమ్మల్ని అడిగానంది, ఈ మాట మీకు చెప్పమంది..." గొంతు తగ్గింది. "డాక్టరు మాయని పళ్లెంలో పెట్టి మా తమ్ముడికి చూపించాడంట. రెండు ముద్దలు, మధ్యలో సన్నటి పట్టీ. ఒకటేనంట."

"ఊఁ" అంది స్కానింగక్క.

"అంతేనా?"

"చిన్నదాని బరువు ఇంకోసారి చెప్పు. రాసుకుంటాను."

ఆడపడుచు మళ్లీ చెప్పింది. ఆమె కాగితం మీద రెండు బరువులూ రాసి, కింద తేదీ వేసింది. ఫోన్ పెట్టి, చెయ్యి తుడుచుకుని, మంచం మీది మనిషి పొట్ట మీద జెల్ చల్లబడిందేమోనని వేలితో చూసింది. చల్లబడింది. తుడిచి, గిన్నెలోంచి వెచ్చటి సీసా తీసింది.